పోయిన డీల్ చుట్టూ కూర్చున్నాక: రియల్ ఎస్టేట్ ఏజెంట్ల ఆఫీసులో పంచుకున్న అనుభవం, పుట్టిన కొత్త పద్ధతులు

ఒకే వారంలో, పక్కపక్క బల్లల దగ్గర కూర్చునే ఇద్దరు ఏజెంట్లు ఒకే కారణంతో రెండు డీల్‌లు పోగొట్టుకున్నారు. రెండింటిలోనూ కొనేవారికీ అమ్మేవారికీ ధర కుదిరింది. రెండింటిలోనూ రుణమిచ్చే బ్యాంకు తరఫున ఇంటికి విలువ కట్టినవారు ఆ ధర కన్నా తక్కువ రాశారు. ఆ తేడాను చేతి డబ్బుతో పూడ్చుకోలేక కొనేవారు వెనక్కి తగ్గారు. అదే గదిలో మూడో బల్ల దగ్గరుండే ఏజెంటుకు ఈ దెబ్బ అంతకుముందే రెండుసార్లు తగిలింది. అప్పటినుంచి ఆయన ప్రతి కొనుగోలుదారునీ మొదటి భేటీలోనే ఒక ప్రశ్న అడుగుతున్నారు: "బ్యాంకు తక్కువ విలువ కడితే ఆ తేడాను మీరు ఎంతవరకు భరించగలరు?" ఈ ప్రశ్న సంగతి మిగతా ఇద్దరికీ తెలియదు. ఆయన దాచిపెట్టిందీ లేదు, వాళ్లు అడిగిందీ లేదు. అడగడానికి సందర్భమే ఉండేది కాదు.

ఆ ఆఫీసులోని 14 మంది ఏజెంట్ల శిక్షణ, పని పద్ధతుల బాధ్యత నాది కాబట్టి ఈ లోపం ముందుగా నా ఖాతాలోకే వస్తుంది. ఆ తరువాతి ఏడాదిన్నరలో తెలిసినదాన్ని ఒకరితో ఒకరు పంచుకోవడానికి మేము చేసిన ఏర్పాట్లలో ఏవి చతికిలబడ్డాయో, ఏవి నిజంగా కొత్త పద్ధతులకు దారితీశాయో ఇక్కడ రాస్తున్నాను. క్లయింట్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేశాను. 'నవకల్పన' అనే మాటను ఇందులో ఇరుకైన అర్థంలోనే వాడుతున్నాను: ఒక ఏజెంటు కనిపెట్టిన పద్ధతిని మరో ఇద్దరు, ఎవరూ చెప్పకుండానే, తమ సొంత పనిలో వాడుతూ ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకున్నాం. ఉద్యోగుల్లో నవకల్పన గురించి 1994లో రాసిన స్కాట్, బ్రూస్ అనే పరిశోధకులు ఆలోచన పుట్టడం, దానికి మద్దతు కూడగట్టడం, దాన్ని వాడుకలోకి తేవడం వేర్వేరు దశలని చూపారు. మా వృత్తిలో మొదటి దశకు కొరత లేదు. పుట్టిన ఆలోచన చాలాసార్లు రెండో దశ దాకా రాకుండా ఆ ఏజెంటు కారులోనే ఉండిపోతుంది.

నిండిన పట్టిక

నా మొదటి అడుగు తప్పటడుగే. ఇది సమాచారాన్ని ఒకచోట భద్రపరచకపోవడం వల్ల వచ్చిన సమస్య అనుకుని, అందరూ చూడగల ఒక ఆన్‌లైన్ పట్టిక తెరిచాను. ప్రతి ఒక్కరూ వారానికి కనీసం రెండు విషయాలు రాయాలని, రాసిన ప్రతి విషయానికీ ఒక పాయింటని, మూడు నెలల చివర ఎక్కువ పాయింట్లు వచ్చినవారికి బహుమతి అని ప్రకటించాను. పట్టిక చకచకా నిండింది. 'క్లయింటు ఫోనుకు వెంటనే స్పందించాలి', 'ఇంటిని శుభ్రంగా ఉంచమని యజమానికి చెప్పాలి' వంటి, శిక్షణ మొదటి రోజునే చెప్పే సంగతులు వరుసలకొద్దీ చేరాయి. ఎప్పుడో చల్లారిపోయిన లీడ్‌ల (ఒకప్పుడు ఆసక్తి చూపినవారి) ఫోన్ నంబర్లను కొందరు ఎంతో ఉదారంగా సమర్పించారు. రెండో నెల చివర నేను, ఎంతమంది రాశారన్నది పక్కన పెట్టి, ఎంతమంది చదివారో చూశాను. రాసినవారు కాక మరొకరు తెరిచి చూసిన వరుసలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బార్ట్ వాన్ డెన్ హూఫ్, యాన్ డి రిడర్ అనే పరిశోధకులు 2004లో జ్ఞానం పంచుకోవడాన్ని రెండు క్రియలుగా విడదీశారు: తనకు తెలిసినది ఇవ్వడం ఒకటి, ఎదుటివారిని అడిగి రాబట్టుకోవడం రెండోది. నా పట్టిక మొదటిదానికే బహుమతి పెట్టింది. అడిగినవారికి పాయింటు లేదు. పైగా అడగడమంటే తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం. 'ఈ ప్రాంతం నాకు అణువణువూ తెలుసు' అని చెప్పుకుని బతికే వృత్తిలో అది చిన్న విషయం కాదు. జిరాక్స్ సంస్థ 1990ల్లో ఫొటోకాపీ యంత్రాల మరమ్మతు నిపుణుల కోసం యురేకా అనే చిట్కాల వ్యవస్థను తెచ్చినప్పుడు, వచ్చిన చిట్కాను తోటి నిపుణులే పరీక్షించి ఆమోదించేవారు, పంపినవారి పేరు దానితో పాటే నిలిచేది. నేను పేరును వదిలేసి పాయింటును పట్టుకున్నాను. మూడో నెలలో పట్టికను మూసివేశాం. బహుమతి మాత్రం మాట తప్పకుండా ఇచ్చాం.

దాపరికంలో రకాలు

తరువాత నేను చేసిన పని ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడం. కేథరిన్ కానెల్లీ, ఆమె సహపరిశోధకులు 2012లో జ్ఞానాన్ని దాచడంలో మూడు తీరులున్నాయని రాశారు: అరకొరగా చెప్పి తప్పుకోవడం, తెలియనట్టు నటించడం, చెప్పకపోవడానికి సమంజసంగా కనిపించే కారణం చూపడం. మూడూ మా దగ్గర కనిపించాయి. మొదటి రెండూ చిన్నవి, పరిచయం పెరిగితే పోయేవి. మూడోదే చిక్కు. అందరికన్నా ఎక్కువ డీల్‌లు ముగించే ఏజెంటు, ఏది అడిగినా అది క్లయింటు రహస్యమనేవారు. సగం సందర్భాల్లో ఆ మాట నిజం. మిగతా సగంలో అది అడ్డుగోడ. ఎందుకని గట్టిగా అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశారు: "నేను చెప్పిన వారానికే నా పార్టీకి మన ఆఫీసు నుంచే ఇంకొకరు ఫోన్ చేస్తే?" ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అలా ఒకసారి జరిగింది కూడా.

ఏజెంటుకు అందేది కమీషన్, అదీ డీల్ ముగిసినప్పుడే. పక్క బల్ల మనిషి సహోద్యోగి, అదే సమయంలో పోటీదారు. ఏ ఇల్లు అమ్మకానికి రాబోతున్నదో, ఏ యజమాని తొందరలో ఉన్నారో తెలిసి ఉండటమే బతుకుతెరువైనప్పుడు, అన్నీ పంచుకోండని ఉపన్యాసమివ్వడం కూర్చున్న కొమ్మను నరుక్కోమన్నట్టే ఉంటుంది. ఈ వృత్తి చరిత్ర కూడా అదే చెబుతున్నది. అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో ఏజెంట్లు తమ సంఘాల కార్యాలయాల్లో కలుసుకుని, చేతిలో ఉన్న ఆస్తుల వివరాలు ఒకరికొకరు చెప్పుకునేవారు. తమ ఆస్తిని మరొకరు అమ్మిపెడితే వారికి ప్రతిఫలం ఇస్తామని ఒప్పుకునేవారు. నేటి మల్టిపుల్ లిస్టింగ్ సర్వీసులకు, అంటే ఏజెంట్లు అమ్మకానికున్న ఆస్తుల వివరాలను పంచుకునే ఉమ్మడి జాబితాలకు, మూలం అదే. ఎవరికి ఎంత అన్నది ముందే తేలింది కనుకనే అక్కడ నోళ్లు విప్పారు. అయితే ఆ ఏర్పాటు ఆస్తుల వివరాలను పంచింది కానీ అమ్మే నేర్పును పంచలేదు.

నేర్పు ఉండటం వేరు, అది బయటికి రావడం వేరు అన్నదానికి స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ 2008లో ప్రచురించిన అధ్యయనం మంచి ఉదాహరణ. షికాగో పరిసరాల్లో సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి, ఏజెంట్లు సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు క్లయింట్ల ఇళ్లతో పోలిస్తే దాదాపు 9.5 రోజులు ఎక్కువగా మార్కెట్‌లో ఉంచి, సుమారు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారని వారు తేల్చారు. ఆ మనుషులూ వాళ్లే, వారికి తెలిసినదీ అదే. లాభం ఎవరిదన్నదే మారింది. ఈ అధ్యయనాన్ని మా వృత్తిలోనివారు సాధారణంగా ఇష్టంగా ప్రస్తావించరు. నేను మాత్రం కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే చెబుతాను.

అయితే స్వార్థాన్నే మొత్తం కారణంగా చూస్తే సగం కథ జారిపోతుంది. సంస్థల లోపల మంచి పద్ధతులు ఒకచోటి నుంచి మరోచోటికి ఎందుకు కదలవో పరిశీలించిన గేబ్రియల్ షులాన్‌స్కి, 1996లో, ఇష్టం లేకపోవడం కన్నా పెద్ద అడ్డంకులు వేరే ఉన్నాయన్నారు: అందుకునేవారికి దాన్ని జీర్ణించుకునే సత్తా లేకపోవడం, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తున్నదో ఎవరికీ స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరి మధ్య సంబంధం సరిగా లేకపోవడం. మా మూడో బల్ల ఏజెంటు విషయంలో జరిగింది ఇదే. తన ప్రశ్న చెప్పుకోదగ్గ సంగతి అని ఆయనకే తోచలేదు.

రెండు నియమాలు, ఒక సమావేశం

ముందు భయాన్ని తీర్చే పని పెట్టుకున్నాం. ఒక ఏజెంటు నమోదు చేసిన క్లయింటును 90 రోజుల వరకు ఆఫీసులో మరెవరూ సంప్రదించకూడదు. సహోద్యోగి సాయంతో పని జరిగితే కమీషన్‌లో ఎవరి వాటా ఎంతో ఇల్లు చూపించడానికి వెళ్లకముందే రాసుకోవాలి. ఈ రెండు వాక్యాలకు మూడు వారాల వాదులాట పట్టింది. ఆ తరువాతే వారానికోసారి నలభై నిమిషాల సమావేశం మొదలుపెట్టాం. అందులో ఒకే ఒక పోయిన డీల్ గురించి మాట్లాడతాం. చెప్పేవారు జరిగినదాన్ని వరుసగా చెబుతారు, క్లయింటు పేరు ఎత్తరు. వినేవారు మొదటి ఇరవై నిమిషాలు ప్రశ్నలు మాత్రమే అడగాలి. సలహా ఇవ్వకూడదు, "నేనైతేనా" అని మొదలుపెట్టకూడదు. అమ్మకాల లక్ష్యాలు చూసే మేనేజరు ఆ గదిలో ఉండరు. ఈ చివరి నియమానికి ఆయన నొచ్చుకున్నారు, కానీ ఒప్పుకున్నారు.

గెలిచిన డీల్ గురించి ఎందుకు మాట్లాడకూడదని చాలామంది అడిగారు. గెలుపు కథలో చెప్పేవారే కథానాయకులు. కారణాలన్నీ వారి ప్రతిభలోకి చేరిపోతాయి, వినేవారికి చప్పట్లు తప్ప పని ఉండదు. పోయిన డీల్ దగ్గర ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. మొదటి ఐదారు వారాలు డీల్ పోవడానికి బ్యాంకో, మార్కెట్టో, మొండి యజమానో కారణంగా కనిపించారు. ఒక రోజు ఒకామె, ఇల్లు చూపిస్తున్నంతసేపూ తాను మాట్లాడుతూనే ఉండటం వల్ల కొనేవాళ్లు విసిగిపోయారని తనంతట తానే చెప్పింది. ఆ తరువాత కథల తీరు మారింది. డీల్‌లు పోయాయని చెప్పుకోవడం ఎక్కువ కావడం చూసి యాజమాన్యం మొదట కంగారుపడింది. ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల నర్సింగ్ బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వమున్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదు కావడం కనిపించింది; అక్కడివారు చెప్పడానికి భయపడకపోవడమే అందుకు కారణమని ఆమె వివరించారు. ఈ సంగతి చెప్పి వారిని కొంతవరకు ఒప్పించగలిగాను.

గుమ్మం దగ్గర నిలబడే అలవాటు

ఏడాదిన్నరలో మా కొలతకు నిలిచిన పద్ధతులు మూడు. వాటిలో ఒకటి ఎలా పుట్టిందో కాస్త వివరంగా చెప్పాలి.

మా సీనియర్ ఏజెంటు ఒకరు ఇల్లు చూపించేటప్పుడు మొదటి పది నిమిషాలు దాదాపు ఏమీ మాట్లాడరు. ఆ తరువాత ఆమె చెప్పే మాటలు కొనేవారి మనసులోని సందేహాన్ని సూటిగా తాకుతాయి. అదెలా సాధ్యమని సమావేశంలో అడిగితే, "ఏమో, మనుషుల్ని చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. ఆమె దాస్తున్నారని ఒకరిద్దరు అనుకున్నారు. తత్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లో అవ్యక్త జ్ఞానం గురించి రాసినది ఇలాంటి స్థితి గురించే: మనిషికి తెలిసినది చెప్పగలిగినదాని కన్నా ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ 1980ల్లో ఇంట్లో బ్రెడ్డు చేసే యంత్రాన్ని రూపొందిస్తూ, పిండి సరిగా కలవక తంటాలు పడుతున్నప్పుడు, అక్కడి ఉద్యోగిని ఒకామె ఒసాకాలోని ఒక హోటల్ బేకర్ దగ్గర పనిలో చేరి, ఆయన పిండిని సాగదీస్తూనే మెలితిప్పుతున్నారని కనిపెట్టారు. నొనాకా, తకేయుచి అనే పరిశోధకులు 1995లో అవ్యక్త జ్ఞానం మాటల్లోకి ఎలా వస్తుందో చెప్పడానికి ఈ ఉదాహరణను వాడారు. బేకర్‌ను గదిలో కూర్చోబెట్టి అడిగితే ఆ మెలిక బయటికి వచ్చేది కాదు. మేమూ అదే దారి పట్టి, చేరి నాలుగు నెలలైన ఒక కుర్ర ఏజెంటును ఆమె వెంట తొమ్మిది ఇళ్లకు పంపాం.

అతను గమనించినది ఇది: ఆమె ప్రతి గదిలోనూ గుమ్మం దగ్గరే ఆగుతారు, లోపలికి రారు, కొనేవారు ఎక్కడ ఆగుతున్నారో, దేన్ని తాకుతున్నారో, ఏ మూల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారో చూస్తుంటారు. తిరుగు ప్రయాణంలో కారులో అతను, "మేడమ్, వాళ్లు వంటింటి కిటికీ దగ్గర రెండుసార్లు ఆగారు కదా, అందుకేనా మీరు వెలుతురు సంగతి ఎత్తారు?" అని అడిగాడు. అవునని, అయితే ఇంతవరకు దాన్ని తాను మాటల్లో పెట్టుకోలేదని ఆమె అన్నారు. ఆ ప్రశ్న పడ్డాక అది పద్ధతి అయింది. అతను ఇంటి నక్షా మీద ఆగిన చోట్లకు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. కొన్ని వారాలకు మరొక ఏజెంటు, ఒకే ఇంటికి సంబంధించి వేర్వేరు కొనుగోలుదారుల చుక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, లిస్టింగ్‌లోని (ఇంటి అమ్మకపు ప్రకటనలోని) ఫొటోల వరుసను ఆ చుక్కల వరుసకు తగ్గట్టు మార్చారు. ముందు వాకిలి, తరువాత హాలు అనే పాత వరుస పోయి, మనుషులు నిజంగా ఆగే చోటు మొదటి ఫొటోలోకి వచ్చింది. ఈ చివరి మెట్టును సీనియరు ఊహించలేదు, కుర్రవాడూ ఊహించలేదు. మూడు తలల మధ్య తిరిగితేనే అది పుట్టింది. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం లేదు.

మిగతా రెంటినీ క్లుప్తంగా చెబుతాను. బ్యాంకు విలువ గురించిన ప్రశ్న 'తేడా కాగితం'గా మారింది: కొనేవారు ధర చెప్పకముందే నింపే ఒక పేజీ, విలువ తగ్గితే ఎవరు ఎంత భరిస్తారు, ఎంత తగ్గితే విరమించుకుంటారు అన్నవి అందులో ఉంటాయి. రెండోది ధర దించడానికి ఒప్పుకోని యజమానుల కోసం పుట్టింది: ఇల్లు చూసి వద్దన్నవారి మాటలను, ఏజెంటు వ్యాఖ్య ఒక్కటీ కలపకుండా, వారన్నట్టే రాసి మూడు వారాలకోసారి యజమానికి ఇవ్వడం. ఏజెంటు ధర ఎక్కువని చెబితే యజమాని వాదిస్తారు. ఎనిమిది మంది పరాయివాళ్లు అదే మాటంటే కాసేపు ఆలోచిస్తారు. నాలుగోది కూడా ఒకటి ఉండేది, ఏజెంట్లందరూ కలిసి చేసే ఉమ్మడి వీడియోలు. అవి ఎవరి పనో తేలక రెండు నెలల్లో ఆగిపోయాయి.

పంచుకోకూడనిది

ఐదో నెలలో ఒక పెద్ద పొరపాటు తృటిలో తప్పింది. ఒక ఏజెంటు తన డీల్ ఎలా ఆగిపోయిందో చెబుతూ, యజమాని కుటుంబ అవసరం వల్ల ఎంతకైనా అమ్మక తప్పని స్థితిలో ఉన్నారని నోరు జారారు. ఆ డీల్ పోయినా ఇల్లు ఇంకా అమ్మకంలోనే ఉంది. అదే గదిలో ఉన్న మరొకరి దగ్గర ఆ ఇంటి మీద ఆసక్తి ఉన్న కొనుగోలుదారు ఉన్నారు. క్లయింటు అట్టడుగు ధర, తొందరకు కారణం, ఆర్థిక పరిస్థితి ఏజెంటు దగ్గర నమ్మకంతో ఉంచినవి. ఒకే ఆఫీసు రెండు వైపులా నిలబడినప్పుడు ఇలా జారిన మాట యజమానికి నేరుగా నష్టం చేస్తుంది. ఆ రెండో ఏజెంటును ఆ ఇంటి వ్యవహారం నుంచి తప్పించి, ఆ కొనుగోలుదారును, కారణం చెప్పకుండా, వేరే ఆఫీసుకు అప్పగించాం. ఆస్తి ఎవరికో ఒకరికి అమ్ముడయ్యేదాకా, లేదా మార్కెట్ నుంచి తీసివేసేదాకా దాని గురించి సమావేశంలో మాట్లాడకూడదన్న నియమం ఆ రోజే వచ్చింది. 'క్లయింటు రహస్యం' అంటూ మౌనంగా ఉండే ఆ పెద్ద ఏజెంటు చెప్పినదాంట్లో సగం నిజముందని నేను ముందే ఒప్పుకుని ఉంటే ఈ నియమం మొదటి రోజునే ఉండేది.

రెండో ఇబ్బంది నెమ్మదిగా బయటపడింది. ఏడాది దాటేసరికి మా ఏజెంట్లందరూ ఒకేలా మాట్లాడటం, ఒకేలా లిస్టింగ్‌లు రాయడం మొదలైంది. సమావేశాలు హాయిగా సాగుతున్నాయి, కొత్తది ఏదీ పుట్టడం లేదు. దగ్గరివారి మధ్య తిరిగే సమాచారం చాలామటుకు అందరికీ ముందే తెలిసినదే అయి ఉంటుందని, కొత్త కబురు అంతగా పరిచయం లేనివారి నుంచి వస్తుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో వాదించారు. దాంతో నెలకోసారి బయటివారిని పిలవడం మొదలుపెట్టాం: ఒకసారి రుణాలు చూసే బ్యాంకు అధికారి, ఒకసారి ఇళ్లకు విలువ కట్టే నిపుణులు, ఒకసారి దస్తావేజులు పరిశీలించే న్యాయవాది. విలువ కట్టే నిపుణులు వచ్చిన రోజున తేడా కాగితంలో సగం వాక్యాలు కొట్టివేతకు గురయ్యాయి. ఈ మధ్య అమ్ముడైన, పోల్చదగిన ఇళ్ల వివరాలు లేనిచోట విలువ తగ్గే ముప్పు ఎక్కువని, ఇంటి అలంకరణకు పెట్టిన ఖర్చు విలువలోకి పూర్తిగా రాదని వారు ఓపికగా వివరించారు. ఇవి మాలో కొందరికి విడివిడిగా తెలుసు; కాగితం మీదికి మాత్రం ఎవరూ తేలేదు.

ఎంతవరకు చెప్పగలను

ఆదాయం పెరిగిందా అని యాజమాన్యం అడిగింది. అదే కాలంలో వడ్డీ రేట్లు మారాయి, ఇద్దరు ఏజెంట్లు వెళ్లిపోయారు, ముగ్గురు చేరారు. ఈ గందరగోళంలోంచి సమావేశాల వాటాను విడదీసి చూపడం నా వల్ల కాదు, చూపిస్తే అది అబద్ధమవుతుంది. విలువ తగ్గి ఆగిపోయే డీల్‌లు ఇప్పటికీ ఉన్నాయి. అవి కొనేవారికి ఆశ్చర్యంగా మాత్రం రావడం లేదు. వెళ్లిపోయినవారిలో ఒకరు చుక్కల పద్ధతిని కొత్త ఆఫీసుకు తీసుకుపోయారు. యాజమాన్యం దీన్ని నష్టమంది. చుక్కలు తీసుకుపోవచ్చు కానీ తొమ్మిది ఇళ్లు వెంట తిరిగిన అనుభవం అంత తేలిగ్గా పోదని నా లెక్క. ఇది రుజువు చేయగల మాట కాదు.

ఇప్పుడు తలనొప్పి కొత్తగా చేరిన ముగ్గురితో. వారికి తేడా కాగితం అచ్చైన ఫారంగానే అందింది, దాని వెనుక పోయిన డీల్‌లు అందలేదు. ఒకరైతే దాన్ని ఫోన్‌లోనే, క్లయింటు చెప్పే జవాబు సగం వింటూ నింపేస్తున్నారు. అందుకని చేరిన రెండు నెలల్లోగా ప్రతి ఒక్కరూ ఆ కాగితంలో ఒక వాక్యాన్ని పట్టుకుని, అది ఎందుకు అలా ఉందో దాన్ని రాసినవారిని అడిగి, కావాలనుకుంటే మార్చి, తమ పేరు కింద రాయాలని పెట్టాం. పోయిన నెలలో ఒకామె మూడో బల్ల దగ్గరికి వెళ్లి ఆ మొదటి ప్రశ్న గురించే అడిగింది. 'ఎంతవరకు భరించగలరు' అంటే కొనేవారు సిగ్గుపడి ఎక్కువ చెబుతున్నారని, 'ఎంత దాటితే వద్దనుకుంటారు' అని మార్చాలని ఆమె వాదన. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. కాగితం ఇప్పుడు ఐదో కూర్పులో ఉంది, ఆ వాక్యం కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.